గోరువెచ్చగానే ఉంది

మా కోడలు తన ల్యాప్‌టాప్ చార్జరు కాలిపోతోందని మొదటిసారి అన్నప్పుడు నేను చేస్తున్న పని ఆపి, మెట్లెక్కి వెళ్లి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఇరవై దాకా లెక్కపెట్టి, గోరువెచ్చగా ఉందని తేల్చి చెప్పి కిందికి వచ్చేశాను. అంతటితో ఆ విషయం ముగిసిపోయిందనే అనుకున్నాను. మా ఇంట్లో వేడి గురించి నేను ఒక మాట అన్నాక దాని మీద ఇంకో మాట ఉండదు.

గొప్పలకి పోతున్నాననుకోకండి, ఉన్నమాటే చెబుతున్నాను. మాది ఇస్త్రీ దుకాణం. కింద దుకాణం, పైన రెండు గదుల కాపురం. మా ఆయన ఆవిరి యంత్రం దగ్గర దుప్పట్లూ ప్యాంట్లూ చూసుకుంటారు. మా అబ్బాయి చొక్కాలు చేస్తాడు, సాయంత్రాలు మూటలు ఇళ్లకి చేరుస్తాడు. పట్టు, శాటిన్, లేసు, నల్ల కోట్లు, అంటే ఒక్క క్షణం ఏమరితే ఇక దిద్దుకోవడానికి వీల్లేనివన్నీ నావి. ముప్పై ఒక్క ఏళ్లుగా నావి. వాటి కోసం నా దగ్గర ఒక పాత ఇస్త్రీపెట్టె ఉంది. ఇప్పటివాటిలా దూదిపింజ కాదు, ఎత్తితే భుజానికి తెలుస్తుంది. దాని మీద వేడి పెంచి తగ్గించే మీట ఎప్పుడో అరిగిపోయింది, తిప్పితే ఊరికే గిరగిరా తిరుగుతుంది. ఎప్పుడు ప్లగ్గు పీకాలో, ఎంతసేపు చల్లారనివ్వాలో నా చెయ్యే చెప్పాలి. పెట్టె అడుగుకి బెత్తెడు దూరంలో అరచెయ్యి పెడతాను. ఇది నూలుకి, ఇది పట్టుకి, ఇది లేసుకి అని చెయ్యి చెబుతుంది, నేను వింటాను. కొత్త పెట్టె కొనుక్కోమని మావాడు ఎన్నిసార్లు పోరాడో లెక్కలేదు. చెయ్యి ఉన్నంతకాలం నాకు మీటలెందుకురా అని వాడి నోరు మూయించాను. ఈ వీధిలో నాకున్న పరువంతా ఆ చెయ్యి పెట్టిన భిక్షే.

కోడలు మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ఆ అమ్మాయి పనే వేరు. చెవులు వినపడనివాళ్లు కూడా సినిమా చూడటానికి వీలుగా, తెర మీది మనుషులు మాట్లాడే ప్రతి మాటనీ కింద అక్షరాల్లో పెట్టే ఉద్యోగం. పొద్దున్న తొమ్మిదికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పై గదిలో బల్ల ముందు కూర్చుందంటే మధ్యాహ్నం దాకా ఉలుకూ పలుకూ ఉండదు. మాటలే కాదట, తలుపు చప్పుడైతే తలుపు చప్పుడని, దగ్గితే దగ్గు అని కూడా రాయాలట. ఇది విన్నప్పటి నుంచి మా ఆయన పైకి వెళ్లినప్పుడల్లా గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని, మామగారి దగ్గు, రాసుకో అంటారు. ఆ అమ్మాయి నవ్వుతుంది. మనిషి మంచిదే, కాదనను. కానీ మరీ నెమ్మది. ఏదైనా ఒకసారి చెబుతుంది, వినకపోతే ఊరుకుంటుంది. ఊరుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. చెప్పదలుచుకున్నది గట్టిగా చెప్పాలి, ఎదుటివాళ్లు వినకపోతే ఇంకా గట్టిగా చెప్పాలి. నేను అలాగే పెరిగాను, అలాగే సంసారం నడిపాను.

ఆ చార్జరు మాట రెండోసారి వచ్చింది భోజనాల దగ్గర. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన అసలు చార్జరు తీగ తెగిపోతే, పిన్ను సరిపోయింది కదా అని మావాడు బజారులో ఎవరో వాడి వదిలేసిన చార్జరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. దాని అడుగున చీమ తలకాయంత అక్షరాలు ఉన్నాయట. అది ఇచ్చేది నలభై ఐదు వాట్లు, ల్యాప్‌టాప్ అడిగేది అరవై ఐదు. ఇవ్వలేనిది ఇవ్వమని రోజంతా పీడిస్తుంటే అది కాలక ఏం చేస్తుందని ఆ అమ్మాయి నిదానంగా వివరించింది. తనే వెళ్లి కొత్తది తెచ్చుకుంటానని కూడా అంది. నాకు అంకెలు చెప్పకు అన్నాను. అంకెలకి బట్ట తెలియదు, వేడి తెలియదు. ఉన్నది లక్షణంగా పనిచేస్తుంటే ఇంకోటెందుకు, మార్చాల్సి వస్తే ఆ రోజు నేనే చెబుతాలే అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ నాకు నా మాట నెగ్గితే చాలదు, నెగ్గిందని అందరూ ఒప్పుకోవాలి. చేతులు కడుక్కోగానే ఇంటిల్లిపాదినీ పై గదికి తోలుకెళ్లాను. ముందు నేను తాకి, గోరువెచ్చగానే ఉంది కదా అన్నాను. మా ఆయన అరచెయ్యి అలా ఆనించి ఇలా తీసి, దీనికంటే టీ గ్లాసే ఎక్కువ కాలుతుంది అన్నారు. మావాడు రెండు వేళ్లతో తాకి, నా మొహంకేసి ఓసారి చూసి, బాగానే ఉందమ్మా అన్నాడు. ఇంకేం కావాలి. మూడు చేతులు ఒకవైపు, ఒక చెయ్యి ఒకవైపు. మేమంతా వేడితో కాపురం చేసినవాళ్లం, మాకు కాలనిది నీకు కాలిందంటే లోపం చార్జరులో లేదు, ఆ వెన్నచేతుల్లో ఉంది అని కోడలితో అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు, అలాగని మొహమూ మాడ్చుకోలేదు. సరే అత్తయ్యా అని వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

మర్నాటి నుంచి మా ఇద్దరి మధ్య మాటల్లేని యుద్ధం ఒకటి నడిచింది. ఆ అమ్మాయి చార్జరుని బల్ల కింది అర మీంచి తీసి, నేల మీద స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద పెట్టేది. కింద చోటు చాలక, తయారైన మూటల్ని నేను ఆ అరలోనే సర్దుతాను. మధ్యాహ్నం మూటలతో పైకెళ్లినప్పుడు, ఎవరి కాలికైనా తీగ తగులుకుంటుందని, చార్జరుని తీసి మళ్లీ అరలో మూటల పక్కన పెట్టేదాన్ని. ఒక్కోసారి దాని మీద కూడా ఓ మూట పడేది. నేను దిగగానే ఆ అమ్మాయి మళ్లీ కిందికి దించేది. నేను మళ్లీ పైకి ఎక్కించేదాన్ని. ఇలా మూడు వారాలు గడిచాయి. ఇద్దరం ఒకరినొకరు ఒక్క మాటా అనుకోలేదు.

ఆ గురువారం పొద్దున్నే నాటకాల కంపెనీలో దుస్తులు చూసుకునే ఆవిడ వచ్చింది. మిగతా బట్టలు మావాడికిచ్చి, తెల్ల పట్టు గౌను ఒకటి మాత్రం పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు రెండు చేతుల మీద తెచ్చి నా బల్ల మీద పరిచింది. చివరి అంకంలో నాయిక వేసుకునేది అదే. సాయంత్రమే మొదటి ఆట. ఐదింటికి వచ్చి తీసుకెళ్తానంది. అలాంటిది ఇంకోటి లేదు, ఏమైనా అయితే ఆ పిల్ల మామూలు బట్టలతో రంగం మీదికి వెళ్లాలి, మీ చేతి మీద నమ్మకంతో ఇస్తున్నానమ్మా అంది. నిశ్చింతగా వెళ్లిరమ్మన్నాను. నిజంగానే నాకు ఏ చింతా లేదు.

పదకొండున్నరకి చొక్కాల మూటలతో పైకెళ్లాను. కోడలు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని నీళ్లు తాగుతోంది. కుడి మణికట్టు లోపలివైపు బొబ్బ కనబడింది. చిక్కుడుగింజంత ఉంది, నీరు పట్టింది. ఏమైందన్నాను. కలం కిందపడితే తీసుకోబోయి చెయ్యి చార్జరుకి ఆనిందని చెప్పింది. నిన్న పొద్దున్న జరిగిందట. మరి ఎందుకు చెప్పలేదంటే, చెప్పాను కదా అత్తయ్యా అంది. బొబ్బ గురించి కాదు, అసలు చార్జరు గురించి ముందే చెప్పాను కదా అని. ఆ మాటలో దెప్పు ఏమీ లేదు, కానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు వారాల కిందట అందరి ముందూ తేలిపోయిన విషయాన్ని ఈ పిల్ల ఒంటి మీద బొబ్బ తెప్పించుకుని మళ్లీ తిరగదోడుతోందా అనిపించింది. అవును, అంత అన్యాయంగానే అనుకున్నాను. ఇప్పుడు దాచి ఏం లాభం.

చార్జరుని తాకాను. గోరువెచ్చగానే ఉంది. దీనికెక్కడైనా బొబ్బలెక్కుతాయా. నిరూపించి చూపిస్తాను ఉండు అని కిందికి దిగి, నా బల్ల సొరుగులోంచి మైనం ముక్క తెచ్చాను. పెట్టె అడుగు బట్ట మీద జారడానికి మైనం రాయడం మా పనిలో మామూలే. ఆ మైనంతో ముప్పై ఒక్క ఏళ్ల పరిచయం నాది. పెట్టె అప్పుడే వేడెక్కుతుంటే అది రాయిలా ఉంటుంది, కాస్త కాగాక మెత్తబడుతుంది. అది నీళ్లలా జారిందంటే, ఆ వేడి మీద చెయ్యి ఆనించి ఉంచడం మామూలు మనిషి వల్ల కాదు. నేను పైకొచ్చేసరికి కోడలు వంటగదిలోకి వెళ్లింది. సరే, మైనం రాయిలా నిలబడ్డాకే పిలిచి చూపిద్దామని ముక్కని చార్జరు మీద పెట్టి, పక్కనే నా అరచెయ్యి కూడా వేసి ఉంచాను.

ముందు దాని అంచు మెరిసింది. తర్వాత ముక్క ఒక పక్కకి ఒరిగింది. చూస్తుండగానే అడుగు కరిగి, చార్జరు మీంచి సన్నటి ధారగా జారి పళ్లెం మీద పడి తెల్లగా గడ్డకట్టింది. నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది. గోరువెచ్చగా ఉందనే చెబుతోంది.

చెయ్యి తీసి చూసుకున్నాను, అరచెయ్యి ఎర్రగా కందింది. చార్జరుని తీగ పట్టుకుని ఎత్తి మెల్లగా చెంప దగ్గరికి తెచ్చాను. ఇంకా ఆనకముందే చెంప చురుక్కుమంది, తల దానంతటదే వెనక్కి పోయింది. మళ్లీ చెయ్యి పెట్టాను, గోరువెచ్చ. ఎడమ చెయ్యి పెట్టాను, కాస్త ఆలస్యంగా, ఎవరో గోడ అవతలి నుంచి చెప్పినట్టు, వేడిగా ఉందేమో అంది. ప్లగ్గు పీకేసి కోడలి కుర్చీలోనే కూలబడ్డాను.

చార్జరు సంగతి ఎంతసేపు, పారేస్తే పోతుంది. నాకు భయం వేసింది చెయ్యి గురించి. నాలుగు నెలలుగా జరిగినవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఒక దిండుగలీబు పచ్చబడితే బట్ట నాసిరకం అన్నాను. ఒక లేసు అంచు ముడుచుకుంటే కరెంటు హెచ్చుతగ్గులన్నాను. లాయరు గారి నల్లకోటు మెడ పట్టీ మీద నిగనిగలాడే మచ్చ పడితే, నేను అటు తిరిగినప్పుడు మావాడే పెట్టె కదిలించి ఉంటాడని వాణ్ని దుకాణంలో అందరి ముందూ కడిగేశాను. వాడు నోరెత్తలేదు. వాడే వెళ్లి ఆయనకి క్షమాపణ చెప్పి వచ్చాడు. అవన్నీ నా చెయ్యి చేసిన పనులే. చెయ్యి చెప్పడం మానేసింది, చెబుతోందనుకుని నేను నడుపుతున్నాను.

ఆ కుర్చీలో కూర్చుని ఒక దొంగ ఆలోచన కూడా చేశాను. చార్జరుని నా చేత్తోనే కిందపడేసి, పగిలిపోయిందని చెప్పి కొత్తది తెప్పిస్తే పిల్ల చెయ్యి బతుకుతుంది, నా మాటా దక్కుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నిజం చెప్పానంటే రేపటి నుంచి పట్టు నా బల్ల మీదికి రాదు. మడతలు పెట్టుకుంటూ, గుండీలు సరిచూసుకుంటూ మూల కూర్చోవాలి. కానీ కింద బల్ల మీద తెల్ల గౌను పరిచి ఉంది, ఐదింటికి ఆవిడ వస్తుంది. చార్జరు విషయంలో అబద్ధం ఆడొచ్చు, పట్టు దగ్గర ఆడితే నిమిషంలో బయటపడుతుంది. అయినా అబద్ధమాడాలంటే బొబ్బెక్కిన ఆ మణికట్టు చూడకముందు ఆలోచించాల్సింది, చూశాక కాదు.

కోడల్ని పిలిచి పళ్లెం మీది మైనం చూపించాను. ఆ అమ్మాయి మైనాన్ని చూసి, నా అరచెయ్యి చూసి, ఏమీ అడగకుండా నా చేతిని కుళాయి కిందికి లాక్కెళ్లి చన్నీళ్లు వదిలింది. ఎన్నాళ్ల నుంచి ఇలా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. అది నిజం. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం అంది. నాకు తీరిక లేదని అనబోయి, ఆ మొహం చూసి మానుకున్నాను. అంత మెత్తటి మనిషికి అంత గట్టి మొహం ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

కిందికి దిగాను, ఆ అమ్మాయి కూడా నా వెనకే దిగింది. ల్యాప్‌టాప్‌లో ఊపిరి అయిపోవచ్చిందట, చార్జరు లేకుండా పని సాగదు. మా ఆయన ఆవిరి యంత్రం మూత దించుతున్నారు, మావాడు చొక్కా కాలరు తిప్పుతున్నాడు. ఇద్దర్నీ పని ఆపమన్నాను. నేను పని ఆపమనడం వాళ్లు ఎప్పుడూ విని ఉండరు, వెంటనే ఆపేశారు.

"నా చేతికి వేడి తెలియడం లేదు" అన్నాను. "లాయరు గారి కోటు మీద మచ్చ నీది కాదురా, నాది. ఆ చార్జరు గోరువెచ్చగా లేదు, కాలిపోతోంది. ఇప్పుడే మైనం పెట్టి చూశాను."

ఇద్దరూ నాకేసి చూశారు. వాళ్ల మొహాల్లో ఆశ్చర్యం కోసం వెతికాను. ఆశ్చర్యం లేదు. బడి పిల్లలు పంతులు ముందు నిలబడ్డట్టు నేల చూపులు చూస్తున్నారు. నాకు అనుమానం వచ్చింది. ఆ రోజు నువ్వు కూడా తాకి బాగానే ఉందన్నావు కదరా అని మావాణ్ని నిలదీశాను.

"కాలిందమ్మా" అన్నాడు వాడు. "ఆ రోజే కాలింది. నువ్వు గోరువెచ్చగా ఉందనేశాక ఇంకేమనను?"

మా ఆయనకేసి తిరిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"నాకూ చురుక్కుమంది" అన్నారు. "నీతో వాదన పెట్టుకునే ఓపిక నాకెక్కడిదే. సాయంత్రానికి నువ్వే గమనిస్తావులే అనుకున్నాను."

తల కొట్టేసినట్టయింది. వేడితో కాపురం చేసిన కుటుంబం, గట్టిబడ్డ చేతులు అని నేను కోతలు కోసినదంతా నా ఒక్కదాని గొడవే అన్నమాట. మూడు చేతులు నావైపు ఉన్నాయనుకున్నాను. అందులో రెండు అబద్ధమాడాయి, ఒకటి మొద్దుబారిపోయింది. ఈ ఇంట్లో ఉన్నమాట చెప్పినది ఒక్క పిల్ల, ఆ పిల్లకి నేను వెన్నచేతులని పేరు పెట్టాను. కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, కానీ ఎవరి మీద చూపించను. వీళ్ల నోళ్లు ఇలా మూయించింది నేనే కదా. మీటలెందుకురా అన్నప్పుడు, అంకెలు చెప్పకు అన్నప్పుడు, ప్రతిసారీ నెగ్గానని లోలోపల మురిసిపోయాను. ఏడుపొచ్చింది. కళ్లు ఒత్తుకున్నాను, దాచుకోలేదు.

తర్వాత పని గుర్తొచ్చింది. నేను ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ముందు మావాణ్ని చార్జరు కోసం తోలాను. ఈసారి పిన్ను చూసి తేవడం కాదు, అరవై ఐదు అని కాగితం మీద రాయించుకుని, ల్యాప్‌టాప్ చేసిన కంపెనీ దుకాణానికే వెళ్లి, డబ్బా మీద అంకె సరిచూసుకుని తెమ్మన్నాను. అంకెల గురించి నా నోటెంట ఆ మాట విని వాడి పెదవి కొస కదిలింది. నవ్వేస్తే బాగుండు అనిపించింది, కానీ వాడు నవ్వకుండా వెళ్లాడు. పాత చార్జరు తీగని మా ఆయన కత్తెరతో తెగ్గొట్టారు, బుద్ధిపుట్టి మళ్లీ ఎవరూ దాన్ని గోడకి తగిలించకుండా.

గౌను ఎవరు చేస్తారని మా ఆయన మెల్లగా అడిగారు. కావాలంటే తనే చేస్తానన్నారు. ఆయన చేతిలో గౌను మడతల గతి ఏమవుతుందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేనే చేస్తానన్నాను. పట్టు ఎటు లాగాలో, కుచ్చుల్లోకి పెట్టె ముక్కు ఎంతవరకు దూర్చాలో, బరువు ఎక్కడ వదిలి ఎక్కడ ఎత్తాలో నా చేతికి ఇంకా తెలుసు. తెలియనిది ఒక్క వేడే. గుడ్డముక్క మీద చూసుకుంటూ చెయ్యొచ్చు, చొక్కాలకైతే. పట్టు దగ్గర పెట్టె ఎత్తిన ప్రతిసారీ తెలియాలి. చెయ్యి నేను ఆనిస్తాను కదా అని మా ఆయన ముందుకొచ్చారు. వద్దన్నాను.

"మీ చేతులు బాగానే ఉన్నాయి. నేను అవునన్నప్పుడు కాదని చెప్పేవాళ్లు కావాలి నాకు" అన్నాను. "అమ్మాయ్, ఇలా రా."

కోడలు వచ్చి నా పక్కన నిలబడింది. పెట్టెని కాగనిచ్చి, ప్లగ్గు పీకి, పట్టు ముక్కల సంచిలోంచి ఒక్కో ముక్కా తీసి దాని మీద రుద్దుతూ కూర్చున్నాను. మొదటి ముక్క పచ్చబడింది. రెండోది అంచుల్లో రంగు మారింది. మూడోది మెత్తగా, తెల్లగా, వెన్నెల పరిచినట్టు వచ్చింది. పెట్టె అడుగు దగ్గర అరచెయ్యి పెట్టమన్నాను. ఇదీ పట్టు వేడి, బాగా గుర్తుపెట్టుకో అన్నాను. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంచింది. తెర మీది మనుషుల మాటలు వినేటప్పుడు కూడా అలాగే కళ్లు మూసుకుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ కాచాం, మళ్లీ చల్లార్చాం. ఈసారి ముక్క వెయ్యకముందే ఇప్పుడు అంది. వేసి చూస్తే సరిగ్గా వచ్చింది. ఇంకోసారి చేశాం, ఇంకోసారి సరిగ్గా చెప్పింది. పదేళ్లు పట్టింది నాకు ఆ వేడి పట్టుకోవడానికి. ఆ అమ్మాయికి పావుగంట పట్టింది. కుళ్లు కలిగింది, గర్వంగానూ అనిపించింది. రెండూ ఒకేసారి.

గౌను చేతులు అయ్యాయి, వీపు అయింది. వెడల్పాటి అంచు కుచ్చులు మిగిలాయి. గడియారం నాలుగు దాటింది. మావాడు కొత్త చార్జరు డబ్బాతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మా ఆయన యంత్రం ఆపేసి చూస్తున్నారు. పెట్టెని చివరిసారి కాచి, ప్లగ్గు పీకి, అలవాటుకొద్దీ నా అరచెయ్యి కూడా అడుగు దగ్గర పెట్టి చూశాను. సరిపోయింది అని చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్లుగా నమ్మిన చెయ్యి, అంత ధీమాగా చెప్పింది. పెట్టె కుచ్చుల మీదికి తెచ్చాను.

కోడలు నేను చెయ్యి పెట్టిన చోటే తన చెయ్యి పెట్టింది.

"ఇంకా ఎక్కువగా ఉంది అత్తయ్యా" అంది, ఎప్పటిలాగే నెమ్మదిగా, ఒక్కసారే. "ఆగండి."

ఆగాను.